నేల కింది స్టేషన్‌లో మనిషి ఎందుకు ఉండాలి? – పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

భూగర్భ రైల్వే స్టేషన్ల గురించి ఈ నెల వచ్చిన ఉత్తరాలలో అయిదింటిని ఎంచుకున్నాను. అడిగిన తీరు వేరైనా, అన్నింటిలోనూ ఉన్నది ఒకే దిగులు. టికెట్లు యంత్రాలు ఇస్తున్నాయి, తలుపులు వాటంతట అవే తెరుచుకుంటున్నాయి, కెమెరాలు చూస్తున్నాయి. అలాంటప్పుడు స్టేషన్‌లో ఉద్యోగులు ఎంతమంది ఉండాలి, ఉన్నవారు ఏం చేయాలి?

*ప్రశ్న: మా అమ్మాయి లండన్‌లో ఎంఎస్ చదువుతోంది. పార్ట్‌టైమ్ ఉద్యోగం ముగించుకొని రాత్రి పదకొండు దాటాక భూగర్భ రైల్లో గదికి చేరుకుంటుంది. ఆ స్టేషన్లలో టికెట్ కౌంటర్లే లేవనీ, ఒక్కోసారి కిందికి దిగి రైలెక్కే వరకు ఉద్యోగి ఒక్కరు కూడా కనిపించరనీ చెబుతోంది. అంత పెద్ద నగరంలో అలా వదిలేస్తారా? చట్టం ఏమీ చెప్పదా? – ఒక తల్లి, హనుమకొండ*

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో రెండు సంగతులు కలిసిపోయాయి. కౌంటర్ లేకపోవడం ఒకటి, మనిషి లేకపోవడం మరొకటి. లండన్ విషయంలో మొదటిది నిజం, రెండోది నిజం కాదు. అయినా మీ అమ్మాయికి రెండూ ఒకటిగానే తోచాయంటే తప్పు ఆమెది కాదు.

లండన్ భూగర్భ రైలు సంస్థ తన టికెట్ కౌంటర్లను మూసివేస్తామని 2013 నవంబర్‌లో ప్రకటించి, 2015లో ఆ పని చేసింది. ప్రయాణికుల్లో అత్యధికులు ముందే డబ్బు వేసుకునే ఆయ్‌స్టర్ ప్రయాణ కార్డుతోనో బ్యాంకు కార్డుతోనో గేటు దాటుతున్నారు కాబట్టి, అద్దాల వెనక కూర్చున్న ఉద్యోగిని హాల్లోకి తీసుకొస్తే అందరికీ అందుబాటులో ఉంటాడన్నది అప్పుడు చెప్పిన కారణం. ఆలోచనగా అది మంచిదే. కానీ హాల్లోకి తీసుకురావడంతో పాటు వందల ఉద్యోగాలను తగ్గించడం కూడా అదే పథకంలో భాగమైంది. అద్దాల గదిలో ఉన్నప్పుడు మనిషి ఎక్కడున్నాడో అందరికీ తెలిసేది, హాల్లోకి వచ్చాక అతన్ని వెతుక్కోవలసి వచ్చింది. లండన్ ప్రయాణికుల తరఫున మాట్లాడే అధికారిక సంస్థ 2016లో ఈ మార్పును సమీక్షించినప్పుడు బయటపడ్డ ఇబ్బందుల్లో ఇదీ ఒకటి. స్టేషన్ సిబ్బందిని తగ్గించినందుకు నిరసనగా 2017 జనవరి 9న కార్మిక సంఘాలు చేసిన సమ్మెతో నగరం నడిబొడ్డున చాలా స్టేషన్లు తెరుచుకోలేదు.

ఇక చట్టం సంగతి. దాన్ని అర్థం చేసుకోవాలంటే 1987 నవంబర్ 18వ తేదీ సాయంత్రానికి వెళ్లాలి. కింగ్స్ క్రాస్ స్టేషన్‌లో పికడిలీ మార్గం నుంచి పైకి వచ్చే కదిలే మెట్లు అప్పటికి చెక్కవి. రాత్రి ఏడున్నర ప్రాంతంలో ఒక ప్రయాణికుడు ఆ మెట్ల కింద మంట కనిపిస్తోందని టికెట్ కౌంటర్‌లో చెప్పాడు. ఎవరో పారేసిన అగ్గిపుల్ల సందులోంచి జారి, ఏళ్ల తరబడి పేరుకుపోయిన గ్రీజు, చెత్త మీద పడిందని తరువాత విచారణలో తేలింది. స్టేషన్‌లో అప్పుడు సిబ్బంది ఉన్నారు. లేనిది శిక్షణ. మెట్ల కింద నీటిని తుంపరగా చల్లే ఏర్పాటు ఉన్నా దాన్ని ఎవరూ వాడలేదు. పోలీసు రేడియో నేల కింద పనిచేయకపోవడంతో, అగ్నిమాపక దళాన్ని పిలవడానికి ఒక కానిస్టేబుల్ మెట్లెక్కి పైకి వెళ్లవలసి వచ్చింది. కింద ప్లాట్‌ఫామ్‌ల మీద ఉన్నవారిని సదుద్దేశంతోనే మరో మార్గం మెట్ల మీదుగా పైకి, టికెట్ హాల్లోకి పంపించారు. 7 గంటల 45 నిమిషాలకు, అగ్నిమాపక సిబ్బంది వచ్చిన రెండు మూడు నిమిషాలకే, మంట ఒక్కసారిగా ఆ హాలునే చుట్టేసింది. 31 మంది చనిపోయారు. ప్రయాణికులను కాపాడబోయిన అగ్నిమాపక అధికారి కోలిన్ టౌన్స్‌లీ వారిలో ఒకరు.

చిన్న మంట అంత వేగంగా ఎలా ఎగసిందో మొదట నిపుణులకే అంతుపట్టలేదు. వాలుగా ఉండే మెట్ల వరుస, దాని ఇరువైపులా ఉన్న గోడలు కలిసి ఒక కాలువలా ఏర్పడటంతో, మంట పైకి లేవకుండా ఆ కాలువను అంటిపెట్టుకొని ముందుకు పాకి, పైనున్న మెట్లను ముందుగానే వేడెక్కించిందని కంప్యూటర్ లెక్కల ద్వారా, నమూనా నిర్మించి కాల్చి చూసిన ప్రయోగాల ద్వారా తేల్చారు. అంటే కళ్లెదుట కనిపించిన మంట చిన్నదే, కానీ చేతిలో ఉన్న సమయం అంతకంటే చిన్నది. డెస్మండ్ ఫెన్నెల్ ఆధ్వర్యంలో జరిగిన విచారణ నివేదిక 1988 నవంబర్‌లో 157 సిఫార్సులతో వెలువడింది. అందులో నన్ను ఎక్కువగా బాధపెట్టే విషయం ఒక మాటకు సంబంధించినది. ఆ సంస్థలో చిన్న అగ్నిప్రమాదాలను ‘మంటలు’ అనేవారు కాదు, ‘పొగలు రావడం’ అన్న అర్థం వచ్చే పదంతో సరిపెట్టుకునేవారు. ప్రమాదాన్ని దాని పేరుతో పిలవడం మానేసిన చోట దానికి సిద్ధపడటం కూడా ఆగిపోతుంది.

ఆ నివేదిక ఫలితంగా 1989లో భూగర్భ స్టేషన్ల కోసం ప్రత్యేక అగ్నిమాపక నిబంధనలు వచ్చాయి. 2009లో వాటిని కొత్త రూపంలో కొనసాగించారు. మంటను పసిగట్టే పరికరాలు, ఆర్పే సాధనాలు, బయటపడే దారులతో పాటు, స్టేషన్ ప్రజలకు తెరిచి ఉన్నంతసేపూ అక్కడ ఉండవలసిన కనీస సిబ్బంది, వారికి ఇవ్వవలసిన శిక్షణ కూడా వాటిలో భాగం. అగ్నిప్రమాదాల నివారణకు అక్కడ ఉన్న పాత చట్టంలోని 12వ సెక్షన్ కింద మొదట ఈ నిబంధనలు చేయడం వల్ల అక్కడి ఉద్యోగులు భూగర్భ స్టేషన్లను ‘సెక్షన్ 12 స్టేషన్లు’ అంటారు. అందుకే లండన్‌లో అప్పుడప్పుడూ ‘సిబ్బంది కొరత వల్ల స్టేషన్ మూసివేయబడినది’ అన్న ప్రకటన కనిపిస్తుంది. ప్రయాణికులు విసుక్కుంటారు గానీ, నా దృష్టిలో అది చట్టం పనిచేస్తోందనడానికి గుర్తు. తగినంత మంది లేకుండా తెరిచి ఉంచిన స్టేషన్ కంటే మూసిన స్టేషన్ మేలు.

కాబట్టి మొదటి రైలు నుంచి చివరి రైలు వరకు మీ అమ్మాయి దిగే స్టేషన్‌లో ఉద్యోగులు ఉంటారు. కానీ ఆ కనీస సంఖ్య అత్యవసర సమయంలో జనాన్ని బయటికి పంపడానికి లెక్కించినది. ప్లాట్‌ఫామ్ మీద తోడు నిలవడానికి లెక్కించినది కాదు. ఒకరు కంట్రోల్ రూమ్‌లో, మరొకరు గేట్ల దగ్గర ఉంటే కింద ఎవరూ కనిపించకపోవచ్చు. ప్లాట్‌ఫామ్ మీద హెల్ప్ పాయింట్ ఎక్కడుందో పగటిపూటే చూసి పెట్టుకోమనండి, మీట నొక్కితే మనిషి పలుకుతాడు. ఎవరైనా వేధిస్తే 61016 నంబరుకు సందేశం పంపితే బ్రిటిష్ రవాణా పోలీసులకు చేరుతుంది, ప్రాణాపాయమైతే 999. ఖాళీ పెట్టెలో కాకుండా నలుగురున్న పెట్టెలో ఎక్కమనండి. మీరు చెప్పకపోయినా ఆమెకు తెలిసే ఉంటుంది, అయినా అమ్మ చెబితే గుర్తుంటుంది.

*ప్రశ్న: నేను సాఫ్ట్‌వేర్ రంగంలో పనిచేస్తాను. ప్లాట్‌ఫామ్ ప్రతి మూలలోనూ కెమెరా, పొగను గుర్తించే పరికరం, మైకు ఉన్నప్పుడు ఒక్క కంట్రోల్ రూమ్ నుంచి పది స్టేషన్లను చూసుకోవచ్చు కదా? సిబ్బంది కావాలన్నది కార్మిక సంఘాల వాదన మాత్రమే అనిపిస్తోంది. – గుంటూరు*

జవాబు: చూడటం వరకు మీరన్నది నిజం. చూశాక చేయవలసిన పని దగ్గరే ఈ వాదన ఆగిపోతుంది. దీనికి దూరం వెళ్లనక్కర్లేదు, 2023 మే 5న లండన్‌లోని క్లాపమ్ కామన్ స్టేషన్‌లో జరిగింది చూడండి. ప్లాట్‌ఫామ్ నుంచి కదిలిన రైల్లో పొగ, కాలిన వాసన వస్తున్నాయని ప్రయాణికులు అలారం లాగారు. రైలు కొంత భాగం సొరంగంలో, మిగతాది ప్లాట్‌ఫామ్ పక్కన ఉండగా ఆగింది. తలుపులు తెరుచుకోలేదు. ఏం జరుగుతోందో చెప్పేవారు లేరు. అయిదు వందల మంది ఉన్న ఆ రైల్లో సుమారు వంద మంది కిటికీ అద్దాలు పగలగొట్టుకొని, పెట్టెల మధ్య తలుపుల్లోంచి దూరి బయటపడ్డారు. సిబ్బంది తలుపులు తెరవడం మొదలుపెట్టేసరికి నాలుగున్నర నిమిషాలు గడిచాయి. అదృష్టవశాత్తూ ఎవరికీ తీవ్ర గాయాలు కాలేదు.

నాలుగున్నర నిమిషాలు మనకు కాఫీ చల్లారేంత సమయం. పొగ వాసన వస్తున్న మూసిన పెట్టెలో అది ఎంత సేపో ఊహించుకోండి. భూగర్భ స్టేషన్ల నిర్మాణంలో ప్రపంచమంతా ఆధారపడే ఎన్‌ఎఫ్‌పీఏ 130 అనే అమెరికా ప్రమాణం ప్లాట్‌ఫామ్ మీదున్న జనమంతా నాలుగు నిమిషాల్లో ప్లాట్‌ఫామ్‌ను వదలాలనీ, ఆరు నిమిషాల్లో సురక్షిత ప్రదేశానికి చేరాలనీ చెబుతుంది. మెట్ల వెడల్పు, గేట్ల సంఖ్య అన్నీ ఆ లెక్క మీదే నిర్ణయిస్తారు. అయితే ఆ లెక్కలో జనం నడుస్తారనుకుంటారు. నిజానికి జనం ముందు నిలబడతారు, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు, సెల్‌ఫోన్ తీస్తారు, వచ్చిన దారినే వెనక్కి వెళ్లాలనుకుంటారు. ‘ఇటు కాదు, అటు పదండి’ అని యూనిఫామ్‌లో ఉన్న మనిషి గట్టిగా అంటే తప్ప ఆ మొదటి నిమిషం కరిగిపోతూనే ఉంటుంది. మైకులో వచ్చే రికార్డు గొంతుకు ఆ బలం ఉండదు.

2020 మే 26న లండన్ వాటర్లూ స్టేషన్‌లో ఒక ప్రయాణికుడు రైలు దిగుతూ, వంపు తిరిగిన ప్లాట్‌ఫామ్‌కూ పెట్టెకూ మధ్య ఉన్న సందులో పడిపోయాడు. కరోనా రోజులు కావడంతో ప్లాట్‌ఫామ్ దాదాపు ఖాళీగా ఉంది, ఆదుకునేవారు లేకపోయారు. అతను పడినట్టు డ్రైవరుకు తెలియలేదు, రైలు కదిలింది. కెమెరా అక్కడా ఉంది.

కార్మిక సంఘాల వాదన అని మీరన్నారు. సంఘాలకు ఉద్యోగాల మీద ఆసక్తి ఉండటం సహజం, దాన్ని దాచనక్కర్లేదు. కానీ ఒక మాట ఎవరి నోట వచ్చిందన్న దాన్ని బట్టి అది తప్పు కాదు. 1995 మార్చి 20న టోక్యో భూగర్భ రైళ్లలో విషవాయువు చల్లినప్పుడు, కసుమిగసెకి స్టేషన్‌లో పెట్టెలోంచి కారుతున్న ద్రవం ఏమిటో తెలియకుండానే దాన్ని తొలగించి ప్రయాణికులకు దారి చేసిన ఇద్దరు స్టేషన్ ఉద్యోగులు ప్రాణాలు కోల్పోయారు. ఆ పనిని ఏ కంట్రోల్ రూమూ చేయలేదు. అలాగని చేతికి తొడుగులు, ముఖానికి రక్షణ, ముందస్తు సమాచారం ఇవ్వకుండా మనిషిని నిలబెట్టడమూ న్యాయం కాదు. సిబ్బంది కావాలన్నప్పుడు వారి భద్రత కూడా లెక్కలోకి రావాలి.

*ప్రశ్న: దక్షిణ కొరియాలోని దేగు నగరంలో సిబ్బంది ఉండగానే అంత ఘోరం జరిగింది కదా. మనుషులు ఉంటే చాలునన్న మాట అక్కడ తప్పని తేలలేదా? – సికింద్రాబాద్*

జవాబు: మనుషులు ఉంటే చాలు అని నేను అనను, కింగ్స్ క్రాస్ కూడా అదే చెప్పింది. 2003 ఫిబ్రవరి 18న దేగులోని జుంగాంగ్నో స్టేషన్‌లో ఆగిన రైల్లో ఒక వ్యక్తి మండే ద్రవం పోసి నిప్పంటించాడు. సీట్లు, లోపలి అమరికలు సులువుగా అంటుకునే సరుకుతో చేసినవి. అసలు ఘోరం ఆ తరువాత జరిగింది. మండుతున్న రైలు పక్క ప్లాట్‌ఫామ్ మీదికి ఎదురు దిశ నుంచి రెండో రైలు వచ్చి ఆగింది. కరెంటు పోయింది. డ్రైవరు ప్రయాణికులను లోపలే ఉండమన్నాడు, చివరికి రైలు తాళం చెవి తీసుకొని వెళ్లిపోవడంతో తలుపులు మూసుకుపోయాయి. చనిపోయిన 192 మందిలో ఎక్కువ మంది ఆ రెండో రైల్లోనివారే.

ఆ రైలును ముందు స్టేషన్‌లోనే ఆపవలసిన కంట్రోల్ రూమ్ ఆపలేదు. స్టేషన్‌లో, రైల్లో, కంట్రోల్ రూమ్‌లో ఉన్నవారు ముగ్గురూ ఒకే విషయాన్ని ఒకే క్షణంలో తెలుసుకొని, ఎవరి అనుమతి కోసమూ ఎదురుచూడకుండా చేయవలసింది చేసే అలవాటు లేకపోతే సంఖ్య అక్కరకు రాదు. డ్రైవరు భయపడ్డాడని కోపగించుకోవడం తేలిక. పొగలో, చీకటిలో, ఒంటరిగా ఉన్న మనిషి భయపడతాడు. ఆ భయంలోనూ చేతులు సరైన మీట మీదికి వెళ్లాలంటే ఆ పనిని ఏడాదికి ఒకసారి కాగితం మీద కాక, పదేపదే సొరంగంలో నిలబడి చేసి ఉండాలి. ఆ దుర్ఘటన తరువాత కొరియా రైళ్లలో సీట్లను మంట అంటని సరుకుతో మార్చారు. నా మటుకు, సీట్లు మార్చినంత శ్రద్ధతో సాధన గంటలను కూడా లెక్కగట్టి ప్రకటించడం ఏ దేశంలోనైనా జరగాలి.

*ప్రశ్న: హైదరాబాద్ మెట్రో అంతా స్తంభాల మీదే నడుస్తోంది. ఈ భూగర్భ చర్చ మనకెందుకు? – కూకట్‌పల్లి*

జవాబు: హైదరాబాద్‌లో 2017 నవంబర్‌లో మొదలై, ఇప్పుడు 69 కిలోమీటర్లు, 57 స్టేషన్లకు విస్తరించిన మొదటి దశ అంతా పైనే ఉన్న మాట నిజం. పైన ఉన్న స్టేషన్‌లో పొగ ఆకాశంలోకి పోతుంది, జనం కిందికి దిగుతారు. నేల కింద పొగా, జనమూ ఒకే దారిన పైకి వస్తారు. తేడా అంతా అక్కడే. కానీ మన తెలుగువారు రోజూ చెన్నైలో, బెంగళూరులో, ఢిల్లీలో, కోల్‌కతాలో నేల కిందే ప్రయాణిస్తున్నారు. చెన్నై మొదటి దశలోని 32 స్టేషన్లలో 19 భూగర్భంలో ఉన్నాయి. అక్కడ ప్లాట్‌ఫామ్ అంచున రైలు వచ్చాకే తెరుచుకునే గాజు తలుపులు అమర్చారు కాబట్టి పట్టాల మీద పడే ప్రమాదం దాదాపు లేదు.

దేశంలో మొదటి మెట్రో 1984 అక్టోబర్ 24న కోల్‌కతాలో మొదలైంది, అదీ భూగర్భంలోనే. 2018 డిసెంబర్ 27న అక్కడ రవీంద్ర సదన్ దాటి మైదాన్ వైపు వెళ్తున్న ఏసీ రైల్లో మంటలు రేగాయి. సొరంగంలో ఆగిపోయిన రైల్లో పొగకు ఉక్కిరిబిక్కిరైన ప్రయాణికులు అద్దాలు పగలగొట్టారు, కొందరు ఆసుపత్రి పాలయ్యారు. క్లాపమ్ కామన్‌లో జరిగింది చదివినప్పుడు నాకు వెంటనే గుర్తుకొచ్చింది ఇదే. దేశాలు వేరు, అద్దాలు పగిలిన కారణం ఒక్కటే.

సొరంగంలో పొగను ఎటు నెట్టాలో నిర్ణయించేది పెద్ద పెద్ద ఫ్యాన్లు. ఒక చివర గాలిని లోపలికి తోస్తూ, మరో చివర పొగను బయటికి లాగుతూ, ప్రయాణికులు నడిచే దిక్కున స్వచ్ఛమైన గాలి ఉండేలా వాటిని నడపాలి. మంట రైలు ముందు భాగంలో ఉందా, వెనక ఉందా అన్నది సరిగా తెలియకపోతే ఆ ఫ్యాన్లే పొగను జనం మీదికి తోస్తాయి. ఆ కబురు సాధారణంగా డ్రైవరు నుంచో స్టేషన్ కంట్రోలరు నుంచో రావాలి.

మన దేశంలో కొత్త మార్గాన్ని తెరవాలంటే 2002 నాటి మెట్రో రైల్వే చట్టం ప్రకారం భద్రతా కమిషనర్ పరిశీలన తప్పనిసరి, ఘోర ప్రమాదాలపై విచారణ కూడా ఆయన చేతిలోనే ఉంటుంది. మెట్రో సంస్థల అధీనంలో కాక పౌర విమానయాన మంత్రిత్వ శాఖ పరిధిలో ఆ పదవి ఉండటం మంచి ఏర్పాటు. నా కోరిక మరొకటి ఉంది. ఏ భూగర్భ స్టేషన్ ఎంతమంది ఉంటేనే తెరవాలన్న సంఖ్యను లండన్‌లో లాగా నిబంధనగా రాసి, ఆ స్టేషన్ గోడ మీదే ప్రయాణికులకు కనిపించేలా పెట్టాలి. ఈ రోజు స్టేషన్లలో టికెట్ కౌంటర్ దగ్గర, గేటు దగ్గర కనిపించేవారిలో చాలామంది ఏజెన్సీల ద్వారా వచ్చిన ఒప్పంద ఉద్యోగులు. 2023 జనవరి 3న మియాపూర్–ఎల్బీ నగర్ మార్గంలో టికెట్ సిబ్బంది జీతాల కోసం విధులు మానేసినప్పుడు ఈ సంగతి చాలామందికి తొలిసారి తెలిసింది. ఆరు నెలలకోసారి మారిపోయే ఉద్యోగికి ఏ ద్వారం ఎటు తీస్తుందో, ఏ మీట ఏ కరెంటును ఆపుతుందో ఒంటికి పట్టదు. స్టేషన్ తెలిసిన మనిషి కావాలంటే అతన్ని స్టేషన్‌లో నిలిపి ఉంచే జీతం ఇవ్వాలి. హైదరాబాద్ రెండో దశ ప్రణాళికల్లో శంషాబాద్ విమానాశ్రయం దగ్గర కొంత భాగం భూగర్భంలో ఉంది. ఆ స్టేషన్ తెరవకముందే ఈ లెక్క తేల్చుకోవడం మంచిది, తెరిచాక ప్రమాదం తేల్చకూడదు.

*ప్రశ్న: మా అబ్బాయి చెన్నైలో ఉంటాడు. మేమిద్దరం డెబ్బై దాటినవాళ్లం, మోకాళ్ల నొప్పులు. భూగర్భ స్టేషన్‌లో ఏదైనా జరిగితే లిఫ్టు ఎక్కవచ్చా? – తెనాలి*

జవాబు: మంట, పొగ ఉన్నప్పుడు మీ అంతట మీరు లిఫ్టు ఎక్కకండి. కరెంటు పోతే అది మధ్యలో ఆగిపోవచ్చు, పొగ ఆ బావిలోకి చేరవచ్చు. అగ్నిమాపక సిబ్బంది కోసం విడిగా కరెంటు ఉన్న లిఫ్టులు కొన్ని ఉంటాయి గానీ వాటిని నడిపేది శిక్షణ ఉన్నవారే. అందుకే మీలాంటివారు స్టేషన్‌లోకి దిగగానే గేటు దగ్గరున్న ఉద్యోగికి ‘మాకు మెట్లు ఎక్కడం కష్టం, ఫలానా స్టేషన్‌లో దిగుతాం’ అని చెప్పండి. అలా చెప్పడం భారం వేయడం కాదు, సిబ్బంది ఉన్నది అందుకే. అవతలి స్టేషన్‌కు ముందే కబురు అందిస్తారు. రైల్లో అలారం పక్కన ఉండే మాట్లాడే మీట నొక్కితే డ్రైవరు పలుకుతాడు, పెట్టె నంబరు తలుపు పైన రాసి ఉంటుంది, దాన్ని చెప్పండి. రైలు సొరంగంలో ఆగితే పట్టాల మీదికి దూకవద్దు. కరెంటు ఆపారని ఉద్యోగి చెప్పి, దింపే వైపు చూపించే వరకు పెట్టెలోనే ఉండండి. పొగ దట్టంగా ఉంటే మాత్రం పక్క పెట్టెలోకి, పొగ లేని వైపు నడవండి. చీర కొంగు, కండువా, చేతిసంచి పట్టీ తలుపు మూసుకునేటప్పుడు లోపలే ఉన్నాయో లేదో చూసుకోండి. 2023 డిసెంబర్‌లో ఢిల్లీలోని ఇందర్‌లోక్ స్టేషన్‌లో ఒక మహిళ చీర రైలు తలుపులో చిక్కుకొని ప్రాణం పోయింది.